శుక్రవారం ఐదింటిలోగా ఆత్మజ్ఞానం

గుమ్మలపాడు ప్రభుత్వ జూనియర్ కాలేజీకి ఆ సర్క్యులరు సోమవారం పదకొండున్నరకి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలందరూ తమను తాము తెలుసుకోవాలనీ, కాలేజీ అయిపోయాక బతుకంతా ఏం చేయబోతున్నారో తేల్చుకుని చెప్పాలనీ దాని సారాంశం. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

వెనకటికి ఇదే పని మీద మునులు అడవులు పట్టుకుని పోయారు. గడ్డాలు పెరిగాయి, ఒంటి మీద పుట్టలు లేచాయి. పాపం వాళ్లకి పోర్టల్ లేదు. శాఖ వారు ఉదారంగా నాలుగున్నర రోజులిచ్చారు.

ఆ సమయానికి జువాలజీ చెప్పే లెంక జగన్నాథం మాస్టారు బోర్డు మీద కప్ప గుండె గీస్తున్నారు. ప్రిన్సిపాల్ సుభద్ర మేడమ్ కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"జగన్నాథం గారూ, మిమ్మల్ని స్వీయ దర్శన నోడల్ ఆఫీసరుగా వేశానండీ."

"నన్నా? తెలుగు మాస్టారున్నారు కదా మేడమ్. ఆత్మ, పరమాత్మ... ఆయనకైతే పద్యాలొచ్చు."

"ఆయన ఓటర్ల జాబితా డ్యూటీలో ఉన్నారు. మీరు కప్పని కోసి లోపల ఏముందో చూస్తారు కదా. ఇదీ అంతే."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన జనాభా లెక్కలు రాశారు, మొక్కలు నాటారు, నాటిన మొక్కల్ని లెక్కపెట్టారు, లెక్కకు రాని మొక్కలకి సంజాయిషీ కూడా రాసుకున్నారు. పిల్లల ఆత్మల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

ఫారం పేరు అనుబంధం-4. మొదటి ప్రశ్న: నేనెవరు? రెండు వందల అక్షరాలకు తగ్గకూడదు. రెండోది: నాలోని మూడు లోపాలు. రెండే ఉన్నవాళ్లు ఇంకోటి వెతుక్కోవాలి. మూడోది: జీవిత లక్ష్యం. అట్టడుగున, "పై వివరాలన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేయుచున్నాను, అసత్యమని తేలినచో చట్టరీత్యా చర్యకు బాధ్యత వహింతును" అని సన్నక్షరాలు, సంతకానికి గీత. ఆఖరి వాక్యం ఒక్కటే లావు అక్షరాల్లో ఉంది: పోర్టల్ ఆమోదం లేని విద్యార్థికి పరీక్ష హాల్ టికెట్ జారీ కాదు.

మంగళవారం నూట నలభై రెండు ఫారాలు వచ్చాయి. మాస్టారు రాత్రి భోజనానికి ముందే పైపైన చదివేశారు. ఒకటి చదివితే నూట నలభై ఒకటి చదివినట్టే. మొదటి బెంచీ కిరీటి తనలోకి తాను తొంగిచూసుకుంటే మిగతావాళ్లంతా కిరీటి కాగితంలోకి తొంగిచూశారు. లోపాలు: అతిగా కష్టపడటం, అతిగా నిజం చెప్పడం, సెల్ ఫోను. మూడోది మాత్రం ఎవరికి వాళ్లు రాసినట్టే ఉంది, రాసిన ఒత్తు చూస్తే వాళ్ల అమ్మలు పక్కనే నిలబడి ఉంటారనిపించింది. లక్ష్యం దగ్గర అరవై ఎనిమిది మంది కలెక్టర్లు.

ఎక్కించిన గంటకే పోర్టల్ ఎర్రబడింది. 'ఎంచుకున్న లక్ష్యంలో ఖాళీలు లేవు.'

మాస్టారు జిల్లా స్వీయ దర్శన సమన్వయాధికారికి ఫోన్ చేశారు. ఆయన పేరు చిత్తరంజన్. ఆగస్టులో రిటైరవుతున్నారు. ఈలోగా జిల్లాకి ఆత్మజ్ఞానం కలిగించి వెళ్లాలని పట్టుదలగా ఉన్నారు.

"చూడండి మాస్టారూ," అన్నారు చిత్తరంజన్ గారు, "సామాజిక అవసరాల దృష్ట్యా లక్ష్యాల హేతుబద్ధీకరణ జరిగియున్నది. జిల్లాకే కలెక్టరు ఒక్కరు. అట్టి పరిస్థితులలో మీ మండలానికి ఒక కలెక్టరు సీటు కేటాయించడమే విశేషం. మీ పిల్లలు నూట నలభై ఇద్దరు, మీకిచ్చిన లక్ష్యాలు సరిగ్గా నూట నలభై రెండు. మార్కుల ప్రాతిపదికన కౌన్సెలింగ్ పెట్టి పంపిణీ చేయవలసింది."

"ఆశయాల్ని పంచమంటారా సార్?"

"పారదర్శకంగా."

బుధవారం సైకిల్ షెడ్డులో కౌన్సెలింగ్ జరిగింది. మైకు పెట్టారు. కలెక్టరు సీటు కిరీటికి పోయింది. డాక్టర్లు పదకొండో ర్యాంకుకే అయిపోయారు. డాక్టరవుదామనుకున్న ఒకడికి పట్టుపురుగుల పెంపకం వచ్చింది. నర్సు కావాలన్న పిల్లకి పైలట్ తగిలితే భోరుమంది. "బస్సులో కిటికీ పక్కన కూచుంటేనే వాంతులు సార్ నాకు!" అని ఏడుస్తుంటే ఆ పట్టుపురుగుల కుర్రాడు వచ్చి మార్చుకుందామన్నాడు. వాళ్లిద్దరూ పరస్పర బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నారు. మాస్టారు ఆమోదించారు. తను చేస్తున్నదేమిటో ఆలోచించకుండా ఉంటే పని చకచకా సాగుతోందని ఆయనకి అప్పటికి అర్థమైంది.

సాయంత్రానికి పట్టిక నిండింది, ఒక్క గడి తప్ప. గొర్లె ఝాన్సీ పేరు మైకులో మూడుసార్లు పిలిచినా ఆ పిల్ల ముందుకి రాలేదు.

"నాది రాసీసినాను కదండీ," అంది వెనక నుంచే.

ఆ గొడవలో మాస్టారు ఆమె ఫారం తర్వాత చూద్దామనుకున్నారు.

గురువారం పొద్దున్నే ఇంకో మెమో దిగింది. విద్యార్థి తనను తాను పరిశీలించుకున్నాడనడానికి విద్యార్థి మాట తప్ప వేరే ఆధారం కనబడుట లేదు కనుక, ప్రతి ఫారం మీదా ఒక గెజిటెడ్ అధికారి "ఆత్మపరిశీలన నా సమక్షంలో జరిగినది" అని ధ్రువీకరించాలట. కాలేజీ వాళ్లు తమ విద్యార్థులకి తామే సంతకం పెట్టకూడదట. తహసీల్దారు సెలవులో ఉన్నారు. ఎంపీడీవో ఆనందంగా పనిచేయడం ఎలా అన్న శిక్షణకి వెళ్లి, తిరిగి రావడానికి ఇష్టపడటం లేదు. మిగిలింది ఎప్పుడూ మిగిలే మనిషే. పశువుల డాక్టరు తవిటినాయుడు గారు.

ఆ ఊళ్లో మార్కుల జాబితా జిరాక్సైనా, ఫొటో అయినా, ఆయన ఆకుపచ్చ సంతకం పడితేనే నిజమవుతుంది. పాతికేళ్లుగా గేదెల కంటే జిరాక్సుల్నే ఎక్కువ చూశారాయన. కానీ ఇలాంటి కాగితం ఆయనకీ కొత్తే.

"నా సమక్షంలో అని ఉంది మాస్టారూ," అన్నారు కళ్లద్దాలు సర్దుకుంటూ. "అంటే నా ఎదురుగుండా జరగాల. నేను సూడకుండా పెట్టను."

పశువుల ఆసుపత్రి ఆవరణలో గేదెల్ని కదలకుండా నిలబెట్టే ఇనప చట్రం ఒకటుంది. ఒక్కొక్కర్నీ అందులో నిలబెట్టి, కళ్లు మూయించి, వాచీ చూసి రెండు నిమిషాలు ఆత్మపరిశీలన చేయించారు. రెండు గేదెల్ని చూశాక పదిమంది పిల్లలు, ఒక మేకని చూశాక అయిదుగురు. అలవాటు కొద్దీ కొందరి నాలుకలు కూడా చూశారు. కిరీటి కళ్లు తెరిచి "అయిపోయింది సార్" అంటే, "ఇంకా నలభై సెకన్లుంది, మళ్లీ లోపలికెల్లు" అన్నారు.

ఝాన్సీ ఎనభై ఏడోది. డాక్టరు గారు ఆమె ఫారం చదివి, మళ్లీ చదివి, మాస్టారికి చూపించారు. నేనెవరు దగ్గర, "నేను గొర్లె ఝాన్సీని. సాయంత్రం మా అమ్మ బజ్జీల బండి దగ్గర ఉల్లిపాయలు కోస్తాను, ఏడవకుండా కొయ్యడం వచ్చు. లెక్కలు ఇష్టం. ఇంగ్లీషులో మాట్లాడమంటే గొంతు ఆరిపోతుంది. ఇంటి ముందు కుక్క నా మాటే వింటుంది" అంటూ రెండు వందల అక్షరాలూ నింపింది. జీవిత లక్ష్యం దగ్గర రెండే మాటలు: ఇంకా తెలీదు.

"పొద్దున్నుంచి ఎనభై ఆరు సంతకాలు పెట్టినాను మాస్టారూ," అన్నారు తవిటినాయుడు గారు. "మనసుకి ఇబ్బంది నేకుండా పెడతన్నది ఇదే."

ఆ ఆకుపచ్చ సంతకం పోర్టల్‌కి ఆనలేదు. లక్ష్యాల జాబితాలో రెండు వందల పద్నాలుగు రకాల జీవితాలున్నాయి, 'ఇంకా తెలీదు' లేదు. గురువారం సాయంత్రం మాస్టారు ఝాన్సీని కంప్యూటర్ గదికి పిలిపించారు.

"ఏదో ఒకటి పెట్టెయ్యమ్మా. ఎవరడుగుతారు?"

"అడుగుతారు సార్. మా అమ్మ బజ్జీల బండికి నాలుగు సక్రాలుంటాయి, సూసినారా?"

"చూశాను. అయితే?"

"సర్వేకొచ్చినాయన మీకు నాలుగు సక్రాల బండుందా అనడిగినాడు. మా నాన్న ఉంది బాబూ అని సంతకం పెట్టీసినాడు. కారున్నోలని రాసుకుని రేషన్ కార్డు తీసీసినారు. పదకొండు నెలలు తిరిగినాడు సార్ మా నాన్న. ప్రతీ ఆఫీసులోనూ ఒకటే మాట, 'నీ సంతకమే కదా?'" ఝాన్సీ ఫారం అడుగున సన్నక్షరాల మీద వేలు పెట్టింది. "ఇక్కడా అదే ఉంది సార్. రేపు నాను అది కాకపోతే ఎవులు తిరుగుతారు?"

"హాల్ టికెట్ రాకపోతే ఏడాది పోద్ది తల్లీ."

ఆ మాటకి ఆ పిల్ల చప్పున తల దించుకుంది. "రాయాలనే ఉంది సార్. రెండేల్లు సదివినాను. లెక్కల్లో ఒక్క సేప్టరు కూడా వదల్లేదు. కానీ తెల్దన్నది నిజం కదా సార్, నిజం రాస్తే పరీచ్చ రాయనివ్వరా?"

  మాస్టారు ఫ్యాన్ స్విచ్చి వేసి, మళ్లీ ఆపి, ఇంటికి వెళ్లమన్నారు.

శుక్రవారం మూడున్నరకి చిత్తరంజన్ గారు జీపులో దిగారు. వెనక సీటంతా ఫ్లెక్సీ చుట్ట. దాన్ని కాలేజీ గేటుకి కట్టిస్తే ఊరంతా చదివింది: 'గుమ్మలపాడు — రాష్ట్రంలో తొలి సంపూర్ణ ఆత్మజ్ఞాన మండలం.' సరిగ్గా ఐదింటికి రాజధాని నుంచి వీడియోలో పెద్దలు ప్రకటిస్తారు. పూలదండ కూడా తెచ్చారు, దాన్ని ఎవరికి వెయ్యాలో మార్గదర్శకాల్లో లేదు.

"ఎంత వరకు వచ్చింది?"

"నూట నలభై ఒకటి సార్."

చిత్తరంజన్ గారు ఫ్లెక్సీ వైపు చూశారు. "సంపూర్ణ అని ముద్రించడం జరిగిపోయింది మాస్టారూ. ఆ ఒక్కరెవరు?"

ఝాన్సీ వచ్చి నిలబడింది. పట్టికలో మిగిలిన ఆ ఒక్క సీటు ఏమిటో అప్పటికి అందరికీ తెలుసు. వ్యోమగామి.

"చూడమ్మా," అన్నారు చిత్తరంజన్ గారు మెత్తగా, "ఈ మండలం నుండి అంతరిక్షానికి పోయే ఏకైక అవకాశం ప్రభుత్వం నీకు కల్పించుచున్నది."

"పైకెల్లి నానేటి సేస్తాను సార్?"

"అది వెళ్లాక విధి విధానాలు వస్తాయి."

"మరైతే అప్పుడే సంతకం పెడతాను సార్."

సుభద్ర మేడమ్ నోటికి పైట చెంగు అడ్డం పెట్టుకుంది. చిత్తరంజన్ గారు మూడు గ్లాసుల మంచినీళ్లు తాగి, రాజధాని హెల్ప్ డెస్కుకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టారు. అవతల కుర్రాడు చాలా మర్యాదస్తుడు.

"కొత్త లక్ష్యం పెట్టొచ్చు సార్. రెండు వందల పదిహేను, 'ఇంకా తెలీదు', పైలట్ ప్రాతిపదికన. మీ మండలానికి ఒక సీటు ఇస్తున్నాను. ఒకసారి మీ లాగిన్‌తో పరీక్షించి చూడండి సార్."

జగన్నాథం మాస్టారు ఝాన్సీ ఫారం తీసి బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నారు. చిత్తరంజన్ గారు కుర్చీ లాక్కుని తన పేరుతో ఫారం తెరిచారు. నేనెవరు? 'జిల్లా సమన్వయాధికారి' అని కొట్టారు. 'హోదా ఆమోదించబడదు' అంది పోర్టల్. హోదా తీసేశారు. 'చిత్తరంజన్' అని ఒక్కటే మిగిలింది. ఇంకా చాలా అక్షరాలు కావాలంది. ఆయన చాలాసేపు కీబోర్డు వైపు చూసి, ఆఖరికి సర్వీసు నిబంధనల నుంచి ఒక పేరా తెచ్చి అతికించారు. ఆఖరి ప్రశ్న: జీవిత లక్ష్యం, అంటే ఆయనకైతే ఆగస్టు తర్వాతది. బాణం గుర్తు రెండు వందల పద్నాలుగు జీవితాల మీదుగా కిందికి దిగి, పైకెళ్లి, మళ్లీ దిగి, అట్టడుగున కొత్తగా వచ్చినదాని మీద ఆగింది. నొక్కేశారు.

'అభినందనలు. మీ లక్ష్యం నమోదైనది. "ఇంకా తెలీదు" — గుమ్మలపాడు మండలంలో మిగిలిన ఖాళీలు: 0.'



"బాబూ," అన్నారు చిత్తరంజన్ గారు ఫోన్లో, "ఇది పరీక్ష మాత్రమే కదా. రద్దు చెయ్."

"రద్దు కుదరదు సార్. ఆ సీటులో ఉన్నవాళ్లు ఏదో ఒకటి తెలుసుకుంటేనే ఖాళీ అవుతుంది."

నాలుగూ ఇరవై రెండు. ఝాన్సీ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని పరీక్ష అట్టని గుండెలకి పట్టుకుంది. ఎందుకు తెచ్చుకుందో మరి, హాల్ టికెట్ అట్టకి క్లిప్పు పెట్టుకుని ఇంటికి పట్టుకెళదామనుకుందేమో. ఆ అట్టని చూశాక జగన్నాథం మాస్టారికి ఎప్పుడూ లేని తెగింపు వచ్చింది.

"సార్, మిగిలిన సీటు మీరు తీసుకోండి."

"ఏ సీటు?"

"వ్యోమగామి."

"నాకు వచ్చే ఆగస్టుకి రిటైర్‌మెంటండీ!"

"ఫారంలో వయసు గడి లేదు సార్. పిల్లల కోసం తయారుచేసింది కదా, అందరికీ పదిహేడే అనుకున్నారు."

"నాకు మోకాళ్ల నొప్పులు."

"పైన బరువుండదంటారు సార్."

చిత్తరంజన్ గారు ఫ్లెక్సీ వైపు చూశారు, వాచీ చూశారు, గోడకి ఆనుకున్న పిల్ల వైపు చూశారు. ఆమె ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. ఆయన బాణాన్ని 'లక్ష్య మార్పు' మీదికి తోసి నొక్కారు.

పరీక్షకి అడగని గెజిటెడ్ ధ్రువీకరణని పోర్టల్ మార్పుకి వెంటనే అడిగింది.

ముగ్గుర్నీ ఎక్కించుకుని జీపు గేటు దాటుతుంటే ఫ్లెక్సీ తాడు ఒకటి తెగింది, ఎవరూ ఆగలేదు. పశువుల ఆసుపత్రిలో తవిటినాయుడు గారి మోచేతుల దాకా పని ఉంది. ఒక ఆవు ఈనుతోంది. దూడ కాళ్లు మాత్రం బయటికి వచ్చి, తల అడ్డం తిరిగి ఉండిపోయింది.

"డాక్టరు గారూ, ఒక్క సంతకం! అత్యవసర ప్రభుత్వ కార్యం!" అన్నారు చిత్తరంజన్ గారు.

"దీనికన్నా అత్యవసరమా?" అన్నారు తవిటినాయుడు గారు తల ఎత్తకుండా. "సమక్షంలో జరగాల. చట్రంలో నిలబడండి, కళ్లు ముయ్యండి. రెండు నిమిషాలు. ఓ పిల్లా, నువ్వొచ్చి ఈ కాళ్లు పట్టుకో."

జిల్లా సమన్వయాధికారి ఇనప చట్రంలోకి వెళ్లి, చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఝాన్సీ అట్టని మాస్టారి చేతిలో పెట్టి, చున్నీ నడుముకి బిగించి దూడ కాళ్లు పట్టుకుంది. డాక్టరు గారు లాగమన్నప్పుడు లాగింది, ఆగమన్నప్పుడు ఆగింది. మాస్టారు ఒక కన్ను వాచీ మీద, ఒక కన్ను ఆవు మీద వేసుకుని ఉన్న దేవుళ్లందర్నీ లోలోపలే పిలిచారు. నాలుగూ నలభై మూడుకి దూడ నేల మీద పడి తుమ్మింది.

"బాగా పట్టినావే! నువ్వు పశువుల డాక్టరువైపోవాలి," అన్నారు తవిటినాయుడు గారు.

"సూద్దాం సార్," అంది ఝాన్సీ దూడ ముక్కు తుడుస్తూ. "ఇంకా తెల్దు కదా."

చిత్తరంజన్ గారు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. మాస్టారు భుజం తడితే ఉలిక్కిపడి చూశారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఫినాయిల్ ఘాటండీ," అన్నారు.

తవిటినాయుడు గారు చేతులు కడుక్కుని, ఆకుపచ్చ పెన్ను తీసి రాశారు: 'ఆత్మపరిశీలన నా సమక్షంలో జరిగినది. అవసరమైన దానికంటే ఎక్కువ జరిగినది.'

నాలుగూ యాభై ఆరుకి చిత్తరంజన్ గారు అధికారికంగా వ్యోమగామి అయ్యారు. నాలుగూ యాభై ఎనిమిదికి ఖాళీ అయిన సీటులో జగన్నాథం మాస్టారు ఝాన్సీని కూర్చోబెట్టారు.  పోర్టల్ ఒక్కసారి తిరిగి, తిరిగి, పచ్చబడింది. ప్రింటరు కూడా ఎందుకో ఆ రోజు మొరాయించలేదు. హాల్ టికెట్ మీద ఫొటో, నెంబరు, వాటి కింద ముద్దగా అచ్చు: లక్ష్యం — ఇంకా తెలీదు.

ఐదింటికి వీడియోలో పెద్దలు గుమ్మలపాడుని ప్రకటించారు. ఒక తాడు తెగిన ఫ్లెక్సీ అడ్డంగా వేలాడుతూ 'సంపూర్ణ' వరకే కనిపించింది. మిగిలిపోయిన పూలదండ దూడకి వేశారు. తల్లి ఆవు దాన్ని తినేసింది.

కథ ఇక్కడితో అయిపోయేదే. కానీ పోర్టల్ దేన్నీ వదిలిపెట్టదు. పది రోజులకి చిత్తరంజన్ గారికి వర్తమానం వచ్చింది: లక్ష్య సాధన తొలి మెట్టుగా రోజూ పొద్దున్న మూడు కిలోమీటర్ల పరుగు, సీటు పొందిన మండలంలోనే, వేలిముద్ర హాజరుతో. హాజరు తగ్గితే పదవీ విరమణ కాగితాలు ముందుకి కదలవు. ఆ హాజరు నిబంధన పెట్టమని సిఫారసు చేసిన కమిటీలో సంతకం ఆయనదే.

పరీక్షల మొదటి రోజు పొద్దున్న జగన్నాథం మాస్టారు గేటు దగ్గర హాల్ టికెట్లు చూస్తున్నారు. మైదానంలో తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో తువ్వాలుతో చిత్తరంజన్ గారు ఆరో రౌండులో ఉన్నారు. పొట్ట కొంచెం తగ్గింది. మొహంలో ఏదో వెలుగు కూడా వచ్చినట్టుంది, లేకపోతే అది చెమటేమో. వెనకాల ఆవు గడ్డి మేస్తుంటే దూడ గంతులేస్తోంది.

అట్ట పట్టుకుని వస్తున్న ఝాన్సీ ఆయన్ని చూసి ఆగింది.

"నమస్తే సార్! ఎందాకా ఎల్తారు?"

చిత్తరంజన్ గారు ఆగి, మోకాళ్ల మీద చేతులేసుకుని ఆయాసపడ్డారు. ఒకసారి తల ఎత్తి ఆకాశం వైపు చూశారు. తర్వాత ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎవరూ వినని గొంతుతో నవ్వారు.

"ఇంకా తెలీదమ్మా."

"అది నా సీటు సార్!" అని అరిచి, మొదటి గంట మోగుతుంటే ఝాన్సీ లోపలికి పరుగెత్తింది.